నాన్నగారి బొలెరో: ఇంజన్ విప్పేముందు

పల్నాడు జిల్లా నుంచి ఒక టీచరుగారు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. వాళ్ల నాన్నగారు మిర్చి రైతు. 2001 జూలైలో కొత్త బొలెరో కొన్నారు. ప్యూజో డీజిల్ ఇంజన్‌తో వచ్చిన తొలి బళ్లలో అదొకటి. మీటరు 2,18,000 కిలోమీటర్లు చూపిస్తోంది. 2021 ఆగస్టులో ఆయన పోయారు. అప్పటినుంచి బండి పశువుల కొట్టం పక్కన రేకుల షెడ్డులోనే ఉంది. దానికి నెల ముందే రిజిస్ట్రేషన్ గడువు కూడా అయిపోయింది.

ఈ వేసవి సెలవుల్లో ఆమె కొత్త బ్యాటరీ పెట్టి, ఆయిలూ ఫిల్టర్లూ తానే మార్చి బండిని కదిలించారు. పొద్దున్నే రెండు మూడు నిమిషాలు సెల్ఫ్ కొడితేగానీ స్టార్ట్ కాదు. అయ్యాక కళ్లు మండే తెల్లపొగ, ఒంటికాలి మీద నడిచినట్టు ఊగుడు. ఐదు నిమిషాలకు సర్దుకుంటుంది, మర్నాడు మళ్లీ మామూలే. పన్నెండు కిలోమీటర్లు నడిపితే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతోంది. బ్రేకు తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి దిగుతోంది. ఎడమ సీటు ముందు మ్యాట్ తీస్తే బొటనవేలు పట్టేంత తుప్పు చిల్లు కనిపించింది.

టౌనులో మెకానిక్ పొగ చూసి "ఫుల్ ఇంజన్, పంపు, నాజిల్స్, లక్షా నలభై" అన్నాడు, అంటే ఇంజన్ మొత్తం విప్పి కట్టి, డీజిల్ పంపూ, డీజిల్ చిమ్మే నాజిల్సూ బాగుచేయాలని. పాత ఇనుము వ్యాపారి 42 వేలు ఇస్తానన్నాడు. అమెరికాలో ఉన్న అన్నయ్య "అమ్మెయ్, సెంటిమెంట్‌కి డబ్బు తగలేయకు" అంటున్నారు. అమ్మ మాత్రం షెడ్డు ఖాళీ అయితే చూడలేనంటున్నారు. ఈమె దగ్గరున్నది 80 వేలు. "ఇంట్లోనే బాగుచేసుకోగలనా? లేక అన్నయ్య అన్నదే నిజమా?" అని అడిగారు. ఉత్తరం చివర, అంత ముఖ్యం కాదన్నట్టుగా, డ్యాష్‌బోర్డు అరలో దొరికిన నాన్నగారి నోటుబుక్కు గురించి నాలుగు లైన్లు రాశారు.

*

అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. బండి బాగుపడుతుందా అన్నది ఒకటి. దాన్ని ఉంచుకోవాలా అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు తెలియకుండానే మీ ఇంట్లో అందరూ రెండోదాని మీద వాదించుకుంటున్నారు. మొదటిదాని జవాబు రెండు ఆదివారాల్లో, కొద్ది ఖర్చుతో తేలిపోతుంది. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

ఆ నాలుగు లైన్లే నాకు ఉత్తరమంతటిలో ముఖ్యం. 2019 డిసెంబరులో మీ నాన్నగారు రాసుకున్నారు: "పొద్దున పంపు కొట్టాలి. 20." మరుసటి ఏడు: "పంపు 35." ఆ పంపు డీజిల్ ఫిల్టర్ మీదుండే చేతి పంపు. ముప్పై నలభైసార్లు కొట్టి అది గట్టిపడ్డాక సెల్ఫ్ వేస్తే బండి త్వరగా అందుకుంటోందని మీరూ రాశారు. కంప్రెషన్ పోయిన ఇంజన్‌కి, అంటే సిలిండర్లలో గాలిని గట్టిగా నొక్కే బలం తగ్గిన ఇంజన్‌కి, చేతి పంపు ఎంత కొట్టినా పెద్దగా తేడా ఉండదు. పంపు కొడితే తేడా వస్తోందంటే డీజిల్ లైనులోకి గాలి దూరుతోందన్నమాట. ఆ జబ్బు పేరు మీ నాన్నగారు అప్పుడే రాసిపెట్టారు. అది ఏడాదిలో 20 నుంచి 35కి పెరిగిందని కూడా రాశారు.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. ట్యాంకు కింద ఉంటుంది, ఇంజన్ పంపు పైన ఉంటుంది. ఇంజన్ నడిచేటప్పుడు ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో డీజిల్‌ని లోపలికి పీల్చే ఒత్తిడి ఉంటుంది. అందుకే రబ్బరు గొట్టంలో సన్నని బీట ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. తడి మచ్చ కనిపించదు కాబట్టి ఎవరూ అనుమానించరు. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆ బీట గుండా గాలి చేరి, గొట్టంలోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున్నే మీరు కొట్టే సెల్ఫ్‌లో సగం ఆ ఖాళీ గొట్టాన్ని నింపడానికే సరిపోతోంది. ఇక తెల్లపొగ అంటే కాలకుండా బయటపడిన డీజిల్. కళ్లు మండేది అందుకే. అదే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఆవిరైతే తీపి వాసన వేస్తుంది, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగదు. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ తింటోందని. నల్లపొగ అంటే గాలికి మించి డీజిల్ పోతోందని, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందని. షెడ్డులో నాలుగేళ్లున్న బండి కదా, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోనూ దాని ముందు గొట్టంలోనూ ఎలుకలు గూడు కట్టాయేమో చెయ్యి పెట్టి చూడండి.

అనుమానం తీర్చుకోవడానికి డబ్బా పరీక్ష ఉంది. శుభ్రమైన ఐదు లీటర్ల డబ్బాలో కొత్త డీజిల్ పోసి, ఇంజన్ కంటే ఎత్తులో, వేడి తగలని చోట, కదలకుండా కట్టండి. ట్యాంకు నుంచి ఫిల్టర్‌కి వచ్చే గొట్టం విప్పి, దాని బదులు డబ్బా నుంచి డీజిల్ గొట్టం తగిలించండి. వెనక్కి ట్యాంకులోకి పోయే రిటర్న్ గొట్టం కూడా విప్పి డబ్బాలోకే వదలండి. ఫిల్టర్‌కీ ఇంజన్ పంపుకీ మధ్య ఒక అడుగు పారదర్శక గొట్టం పెడితే గాలి బుడగలు కళ్లకు కనిపిస్తాయి. రాత్రి ఇలా కట్టి ఒకసారి నడిపి ఆపేయండి. మర్నాడు పొద్దున చేతి పంపు ముట్టుకోకుండా సెల్ఫ్ వేయండి. వెంటనే అందుకుంటే తప్పు చాలావరకు ట్యాంకుకీ ఫిల్టర్‌కీ మధ్యే ఉన్నట్టు. పంపూ నాజిల్సూ నడుస్తున్నట్టే. డబ్బాతో కూడా పారదర్శక గొట్టంలో బుడగలు వస్తే ఫిల్టర్ తలలోని రబ్బరు రింగులు, బోల్టుల కింది రాగి వాషర్లు అనుమానించండి. నాజిల్స్ మీద ఒకదాన్నుంచి ఒకదానికి పోయే సన్నని రిటర్న్ గొట్టాలు కూడా ఇంత వయసుకి పెళుసుబారి ఉంటాయి. అవి మీటరు లెక్కన దొరుకుతాయి, చౌక. అడగకుండా మార్చేయండి.

తప్పు వెనక ఉందని తేలితే ట్యాంకు దించాల్సిందే. నాలుగేళ్లు నిలవున్న డీజిల్ అడుగున నీరు చేరుతుంది. నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడతాయి. కొత్త ఫిల్టర్ వేసిన వారానికే మూసుకుపోతోందంటే కారణం అదే. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, లోపలి సక్షన్ గొట్టం కొసనున్న జాలీ తీసి కడగండి. అడుగున తుప్పు పొడి రాలుతోంటే ట్యాంకునే మార్చడం మేలు. ఖాళీ ట్యాంకుని మాత్రం ఇంట్లో వెల్డింగ్ చేయకండి, ఎవరు చేస్తామన్నా చేయనివ్వకండి. లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. రబ్బరు గొట్టాలు కొనేటప్పుడు డీజిల్‌కని అడిగి, పాత గొట్టం లోపలి కొలత చూపించి తీసుకోండి. నీళ్ల గొట్టం వేస్తే నెలల్లో ఉబ్బి మెత్తబడుతుంది.

కొత్త గొట్టాలు వేశాక గాలి తీయాలి. ఫిల్టర్ మీది చిన్న స్క్రూ ఒక చుట్టు వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా చేతి పంపు కొట్టి, స్క్రూ బిగించండి. తర్వాత రెండు నాజిల్స్ దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదిలి, సహాయకురాలిని సెల్ఫ్ వేయమనండి. డీజిల్ తడి రాగానే బిగించండి. ఇక్కడ ఒక జాగ్రత్త. నాజిల్ పైపుల్లో ఒత్తిడి వంద బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) పైనే ఉంటుంది. సన్నని జల్లు చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, సూది గుచ్చినంత గుర్తే కనిపిస్తుంది, కానీ చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి దాకా పోవచ్చు. లీకు ఉందేమోనని ఎప్పుడూ చేత్తో తడమొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. చున్నీ, జడ, తువ్వాలు ఫ్యాను దరిదాపుల్లో ఉండకూడదు.

రెండో అనుమానం గ్లో ప్లగ్గులు. మీ ఇంజన్ 2,498 సీసీ, డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి కాక ముందు చిన్న గదిలోకి చిమ్మే రకం. చల్లగా ఉన్నప్పుడు ఆ గదిని వేడిచేయడానికి సిలిండర్‌కి ఒకటి చొప్పున నాలుగు ప్లగ్గులుంటాయి. రెండు పోయినా బండి స్టార్ట్ అవుతుంది, కానీ మీరు రాసినట్టే ఊగుతూ, తెల్లగా పొగలు కక్కుతూ. నాలుగింటినీ కలిపే పట్టీ విప్పి, మల్టీమీటర్‌తో ఒక్కో ప్లగ్గు కొసకీ ఇంజన్‌కీ మధ్య ఓమ్స్ చూడండి. మంచిది ఒక ఓమ్ లోపు చూపిస్తుంది. అసలేమీ చూపించకపోతే అది కాలిపోయింది. ప్లగ్గులన్నీ బాగున్నా తాళం తిప్పినప్పుడు పట్టీ మీద బ్యాటరీ ఓల్టేజీ రాకపోతే రిలే గానీ, దాని ఫ్యూజు గానీ, ఎలుక కొరికిన వైరు గానీ కారణం. ప్లగ్గులు విప్పేముందు రోజు సాయంత్రం మొదట్లో తుప్పు వదిలించే నూనె వేసి నానబెట్టండి. బలవంతం చేస్తే విరిగి సగం లోపలే ఉండిపోతుంది. అప్పుడు నిజంగానే హెడ్డు దించాల్సొస్తుంది.

మన రోడ్డు పక్క షెడ్లలో పెట్రోలు గుడ్డ గాలి గొట్టం దగ్గర పట్టి స్టార్ట్ చేసే అలవాటుంది. గ్లో ప్లగ్గులున్న ఇంజన్‌కి అది చేయనివ్వకండి. ఎర్రగా కాలిన ప్లగ్గు మీద ఆ ఆవిరి పడితే సమయం కాని సమయంలో పేలి పిస్టన్ పగులుతుంది.

బ్యాటరీ కొత్తదే అయినా, సెల్ఫ్ తిరిగేటప్పుడు టెర్మినల్స్ మీద ఓల్టేజీ చూడండి. 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ చాలట్లేదు, లేదా సెల్ఫ్ మోటారు ఎక్కువ లాగుతోంది. ఇంజన్ నుంచి ఛాసిస్‌కి, అంటే బండిని మోసే ఉక్కు చట్రానికి, పోయే ఎర్త్ పట్టీ విప్పి, రెండు కొసలూ ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే కంప్రెషన్ బాగున్నా డీజిల్ అంటుకునేంత వేడి పుట్టదు.

ఇవన్నీ అయ్యాకే కంప్రెషన్ పరీక్ష. ఇది చేయించకుండా ఫుల్ ఇంజన్ అని చెప్పడం తొందరపాటు. మీ మెకానిక్‌ది దురుద్దేశమని నేననను. రెండు లక్షలు దాటిన బండి, తెల్లపొగ అనగానే అలవాటు కొద్దీ వచ్చే మాట అది. డీజిల్ ఇంజన్లకి వాడే గేజీ ఉన్నవాళ్ల దగ్గరే చేయించండి, పెట్రోలు బళ్ల గేజీ పనికిరాదు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఒక్కో సిలిండర్‌లో చూసి నాలుగు అంకెలూ రాయించుకోండి. ఇలాంటి పాత ఇంజన్లలో సుమారు 25 నుంచి 30 బార్ వస్తే నిశ్చింత. నాలుగూ కొంచెం తక్కువైనా దగ్గరదగ్గరగా ఉంటే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. మూడు బాగుండి ఒకటి 18కి పడిపోతే వాల్వో, రింగులో, గ్యాస్కెట్టో, ఏదో ఒకచోట తప్పుంది. నాలుగూ 20 లోపు ఉంటేనే మెకానిక్ మాట నిజం. గేజీ దొరికేలోపు ఇంకో గుర్తు చూసుకోవచ్చు: ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. సన్నగా ఆవిరి వస్తే వయసు లక్షణం. రైలింజనులా భుక్కు భుక్కుమని పొగ తన్నుకొస్తే రింగులు అరిగాయి.

వేడెక్కడం గురించి కూడా నోటుబుక్కే సాక్షి. "రేడియేటర్ నీళ్లు 1 లీ." అని పన్నెండు పదిహేను రోజులకోసారి రాసి ఉందన్నారు. అంటే రెండు విషయాలు: నీరు ఎటో పోతోంది, పోసింది బోరు నీరు. మీ వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. టీ గిన్నెకి పట్టే తెల్లపొరే ఇరవై ఏళ్లుగా రేడియేటర్ గొట్టాల్లోనూ ఇంజన్ లోపలా పట్టి ఉంటుంది.  పైగా కూలెంట్ లేని నీరు ఇంజన్ లోపల నీరు తిరిగే దారుల్ని తుప్పు పట్టించి తింటుంది.

ముందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి చూడండి. మొదటి నిమిషంలోనే బుడగలు ఆగకుండా వస్తున్నా, మూత పెట్టి నడిపినప్పుడు ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే పై గొట్టం రాయిలా గట్టిపడినా హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) అనుమానం. అలాగే డిప్‌స్టిక్ మీద, ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి బూడిదరంగు నురగ ఉందేమో చూడండి. ఉంటే నీరు ఆయిల్లో కలుస్తోంది, ఇక నడపొద్దు. ఈ రెండూ లేకపోతే ఊపిరి పీల్చుకోవచ్చు. అప్పుడు రేడియేటర్ విప్పి, రాగి ఇత్తడిదైతే షాపులో పై, కింది ట్యాంకులు ఊడదీయించి గొట్టాల్లో కమ్మీ దూర్చి శుభ్రం చేయించండి. థర్మోస్టాట్‌ని, అంటే ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కి నీరు వదిలే కవాటాన్ని, గిన్నెలో నీళ్లలో వేలాడదీసి కాచండి. 80 డిగ్రీలు దాటాక, దాని మీద కొట్టి ఉన్న అంకె దగ్గర తెరుచుకోవాలి. ఎవరో ఇప్పటికే దాన్ని తీసి పారేసి ఉంటే, అంటే చాలా బళ్లకి జరిగేదే, కొత్తది పెట్టించండి. అది లేకపోతే ఇంజన్ సరిగ్గా వేడెక్కక పొద్దున పొగ ఇంకా పెరుగుతుంది. చివరికి గాఢ కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో (బ్యాటరీ యాసిడ్‌తో కాదు) సగంసగం కలిపి పోయండి. వేడి ఇంజన్ మూత తీయొద్దని మీకు చెప్పక్కర్లేదు. కానీ ఇది చెప్పాలి: కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. పక్కనే పశువుల కొట్టం ఉంది. వార్చిన నీళ్లు పాత డబ్బాలో పట్టి, పశువులకు అందకుండా దూరంగా పారేయండి.

ఇప్పుడు బ్రేకులు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన సంగతి ఇదొక్కటే. తొక్కి పట్టుకుంటే పెడల్ దిగుతోందంటే, బయట ఎక్కడా కారకపోయినా, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ని చక్రాలకు నెట్టే భాగం) లోపలి రబ్బర్లు ఒత్తిడిని నిలపట్లేదు. అది సరిచేసేదాకా బండి గేటు దాటకూడదు. ఆ పన్నెండు కిలోమీటర్లు మళ్లీ వద్దు. మాస్టర్ సిలిండర్ విప్పి లోపలి గోడ వేలితో తడమండి. నున్నగా ఉంటే రబ్బరు కిట్ చాలు. గుంటలు తగిలితే కొత్తదే వేయాలి, అందులో మిగుల్చుకోవద్దు. వెనక డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్ల రబ్బరు మూతలు ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే అవీ మార్చాలి. ముందు చక్రాల దగ్గర రెండు, వెనక యాక్సిల్ దగ్గర ఒకటి రబ్బరు గొట్టాలుంటాయి. ఇరవై ఏళ్ల నాటివైతే పగుళ్లు కనిపించకపోయినా మార్చండి. ఈ భాగాల్ని డీజిల్‌తోగానీ పెట్రోలుతోగానీ కడగొద్దు, రబ్బర్లు ఉబ్బిపోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్‌తోనే కడగాలి. ఫ్లూయిడ్ రిజర్వాయర్ మూత మీద రాసిన రకమే, సీలు తీయని డబ్బాది పోయండి. గాలి తీసేటప్పుడు దూరపు చక్రం నుంచి మొదలుపెట్టాలి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. చివరగా ఇంజన్ ఆపి పెడల్ ఐదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి లాగినట్టైతే, కాలి బలానికి తోడయ్యే బూస్టర్ పనిచేస్తోంది.

మీకు చేతికి పని వచ్చు, ఆయిల్ మార్చిన తీరు చూస్తే ఓపికా ఉంది. అయినా బ్రేకు పని పూర్తయ్యాక అనుభవమున్న మనిషి ఒకరు మళ్లీ ప్రతి బోల్టూ చూడాలి. ఇంకోమాట, జాకీ మీద నమ్మకంతో బండి కిందికి దూరొద్దు. స్టాండ్లు రెండు కొనండి. సిమెంటు ఇటుకలు బరువుకి ఒక్కసారిగా పొడైపోతాయి.

అసలు మీ నిర్ణయాన్ని తేల్చేది ఇంజన్ కాదు, ఛాసిస్. ఇంజన్ భాగాలు విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతాయి, మహీంద్రా పాత బళ్లు చాలావాటిలో ఈ ప్యూజో ఇంజన్లే వాడారు కాబట్టి. ఛాసిస్ తినేస్తే మాత్రం ఇంట్లో చేయగలిగింది లేదు. చిన్న సుత్తితో ముందునుంచి వెనకదాకా రెండు వైపులా కొట్టుకుంటూ పొండి. బాగున్నచోట గంటలా మోగుతుంది, తుప్పు తిన్నచోట అట్ట మీద కొట్టినట్టుంటుంది. అలాంటిచోట స్క్రూడ్రైవర్ గట్టిగా నొక్కండి. వెనక కమాను పట్టీలు ఛాసిస్‌కి వేలాడే బ్రాకెట్ల దగ్గర, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట, బాడీ కూర్చునే రబ్బర్ల దగ్గర మరీ జాగ్రత్తగా చూడండి. అక్కడ స్క్రూడ్రైవర్ దిగితే బండి మీద ఇంకో రూపాయి పెట్టొద్దు. మీరు చూసిన చిల్లు ఫ్లోరుది, ఛాసిస్‌ది కాదు. ఫ్లోరు చిల్లుకి భయపడక్కర్లేదు. మంచి రేకు కనిపించేదాకా కోసి, కొత్త రేకు ముక్క వెల్డింగ్ చేయించి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, అతుకుల్లో సీలెంట్ నింపితే సరి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు రెండూ విప్పాలి. తుప్పు మీదే నల్లటి అండర్‌కోటింగ్ కొట్టించి కప్పేస్తే, లోపల తేమ నిలిచి రెండు వర్షాకాలాల్లో చిల్లు చెయ్యంత అవుతుంది. అసలు ఆ నీరు ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చూడండి. ముందు అద్దం రబ్బరు కింద గానీ, తలుపు సీలు దగ్గర గానీ దారి ఉంటుంది.

టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2316 అంటే 2016లో 23వ వారం. అంత పాతవైతే గాడి ఎంతున్నా మార్చాల్సిందే. ఈ ఖర్చు లెక్కలో ముందే వేసుకోండి, అందరూ మర్చిపోయేది ఇదే. రంగు, సీటు కవర్లు చివరికి.

ఇక కాగితాలు. పదిహేనేళ్లు దాటితే బండి పనికిరాదన్న మాట మీ ఊళ్లో ఎవరో అన్నారని రాశారు. డీజిల్‌కి పదేళ్లు, పెట్రోలుకి పదిహేనేళ్లు అన్న గడువు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలది. మన దగ్గర ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. దానికి ఫారం 25. ఇరవై ఏళ్లు దాటిన కార్లు, జీపులకు ఈ ఫీజు 2025లో 10,000 రూపాయలైంది. గడువు దాటిన ప్రతి నెలకీ 500 రూపాయల చొప్పున అదనపు ఫీజు కూడా నిబంధనల్లో ఉంది. నాలుగేళ్ల పైచిలుకు అంటే అది చిన్న మొత్తం కాదు. దీని మీద గ్రీన్ ట్యాక్స్, అంటే పాత బళ్ల మీద వేసే పన్ను. కాబట్టి మొత్తం ఎంతవుతుందో పానా పట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి కాగితం మీద రాయించుకోండి.

దీనికంటే ముందు ఇంకో మెట్టుంది. బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. చనిపోయినవారి బండిని వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31. మరణ ధ్రువీకరణ, వారసుల ధ్రువీకరణతో పాటు అమ్మగారూ అన్నయ్యా తమకు అభ్యంతరం లేదని రాసివ్వాల్సి ఉంటుంది. చూశారా, మీరు ఉంచుకున్నా, అమ్మినా, తుక్కుకిచ్చినా అన్నయ్య సంతకం లేకుండా ఏదీ సక్రమంగా జరగదు. అందుకే ఆయన్ని పక్కనపెట్టి మొదలుపెట్టకండి. డబ్బా పరీక్ష ఫలితం, నాలుగు కంప్రెషన్ అంకెలు, ఛాసిస్ ఫొటోలు, ఆర్టీవో లెక్క, ఈ నాలుగూ పంపి మాట్లాడండి. ఆయన భయం డబ్బు గురించి. అంకెలు లేకపోతే ఆ భయం లక్షా నలభై దగ్గరే ఆగి ఉంటుంది.

ఆ అంకెలు వచ్చాక మీ ముందు మూడు దారులుంటాయి.

ఛాసిస్ గట్టిగా ఉండి, కంప్రెషన్ బాగుంటే రోడ్డు మీదికి తెచ్చుకోవచ్చు. గొట్టాలు, ఫిల్టర్లు, నాలుగు గ్లో ప్లగ్గులు కలిపి మెకానిక్ చెప్పిన మొత్తంలో పదో వంతు కూడా కావు. బ్రేకులు, రేడియేటర్, టైర్లు, కాగితాలు కలిస్తే మీ 80 వేలల్లో చాలాభాగం పోతుంది. కొంత చేతిలో ఉంచుకోకుండా దిగొద్దు, ఎందుకంటే మొదటి ఏడాది క్లచ్చో, ఆల్టర్నేటరో, ఏదో ఒకటి అడుగుతుంది. నెలకొక ఆదివారం బండిది అవుతుంది. మీకది ఇష్టమైన పనిలాగే కనిపిస్తోంది.

రెండోది, ఇంట్లోనే నడిచే స్థితిలో ఉంచడం. ఖర్చు తక్కువ, అమ్మగారికి షెడ్డు ఖాళీ కాదు. కానీ ఊరి రోడ్డూ పబ్లిక్ రోడ్డే. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేకుండా ఒక్కసారి బయటికి తీసి ఎవరికైనా తగిలితే ఆ నష్టపరిహారం జీవితాంతం మీ మీదే. పైగా నెలకోసారి పావుగంటకి తగ్గకుండా నడిపి ముందుకీ వెనక్కీ కదిలించకపోతే బ్రేకులూ డీజిలూ మళ్లీ ఇదే స్థితికొస్తాయి. నడిపేటప్పుడు షెడ్డు బయట పెట్టండి, పొగ లోపల నిలవకూడదు. రెండు మూడేళ్లు ఆలోచించుకోవడానికి ఇది మంచి దారి, కాకపోతే రిజిస్ట్రేషన్ ఆలస్యపు ఫీజు నెలనెలా పెరుగుతూ ఉంటుంది.

మూడోది వదులుకోవడం. ఛాసిస్ పోయినా, కంప్రెషన్ నాలుగింటిలోనూ పడిపోయినా ఇదే సరైనది కావచ్చు. అప్పుడు 42 వేలు ఇస్తానన్న వ్యాపారికి ఊరికే తోలేయకండి. రిజిస్ట్రేషన్ రద్దు కాకపోతే ఆ బండి ఛాసిస్ నంబరు ఎక్కడ తేలినా నాన్నగారి పేరే బయటికొస్తుంది. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలో ఇస్తే, బండి తుక్కుకి అప్పగించినట్టు డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. కొత్త సొంత బండి కొన్నప్పుడు రాష్ట్రం అనుమతించే మేరకు పన్నులో 25 శాతం దాకా రాయితీ దాని మీద వస్తుంది. వాళ్లిచ్చే ధర కొంచెం తక్కువైనా ఈ లెక్క కలిపి పోల్చండి. లేదా పాత బళ్లు ఇష్టపడి బాగుచేసుకునేవాళ్లకి, పేరు మార్పు అయ్యాక, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మొచ్చు. అమ్మగారికి గుర్తుగా స్టీరింగ్ లాంటిదేదైనా ఉంచమని అడగాలనిపిస్తే ముందే వాళ్లతో మాట్లాడండి. నంబరు ప్లేట్లు మాత్రం కేంద్రంవాళ్లు తీసుకుంటారు.

అమ్మగారిని ఒకటి అడగండి. ఆమెకి బండి నడవాలా, షెడ్డులో ఉంటే చాలా? "షెడ్డు ఖాళీ అయితే చూడలేను" అన్నారేగానీ బండెక్కాలని అన్నట్టు మీరు రాయలేదు. ఆ జవాబుని బట్టి మొదటి దారికీ రెండో దారికీ మధ్య తేడా చాలా ఉంటుంది.

ఈ ఆదివారం డబ్బా పరీక్ష, సుత్తి పరీక్ష రెండే చేయండి. కూలెంట్ మార్చాక పది రోజులపాటు, ఇంట్లోనే నడిపినా సరే, పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద ఎంత తగ్గిందో చూసి, కొలిచి పోసి, తేదీతో నాన్నగారి నోటుబుక్కులోనే రాయండి. మొదటి రెండు రోజులు కొంచెం తగ్గడం మామూలే, లోపలి గాలి పోతుంది. ఆ తర్వాత కూడా తగ్గుతూ, కింద ఎక్కడా తడి కనిపించకపోతే ఆ పది అంకెలూ నాకు పంపండి, హెడ్ గ్యాస్కెట్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.